ఎర్రచొక్కా ఖుదామురాద్

మా ఆయన ఖుదామురాద్‌కి బాతులంటే భయం. మనిషిని చూస్తే ద్వారబంధం నిండా ఉంటాడు, మీసాలు చెవుల దాకా ఉంటాయి, గొంతెత్తితే కొండ అవతల మేకలు మేత మానేసి చూస్తాయి. అలాంటివాడు పక్కింటి బాతు మెడ చాచి బుస్సుమంటే గోడెక్కేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. అయినా ఏడాదికి ఒక్కరోజు ఊరు ఊరంతా ఆయన్ని చూసి వణికి, ఏడ్చి, దుమ్మెత్తి పోసేది. ఆ రోజు ఆయన షిమర్.

షిమర్ ఎవడో మా దేశంలో మాటలు రాని పిల్లకైనా తెలుసు. కర్బలా ఎడారిలో హుసేన్ ఇమాంకీ ఆయన బిడ్డలకీ గుక్కెడు నీళ్ళు అందనివ్వక, చివరికి ఆయన గొంతు కోసిన పాపాత్ముడు. మొహర్రం పదో రోజున మా ఊళ్ళో ఆ కథ ఆడతారు. హుసేన్ పక్షం వాళ్ళు ఆకుపచ్చ బట్టలు కట్టుకుని రాగం తీసి పాడతారు. అవతలి పక్షానికి ఎర్రచొక్కా. వాళ్ళకి రాగం ఉండదు, అరుపే. షిమర్ గొంతులో పొరపాటున ఒక్క మాట తీపిగా పలికినా ఆట చెడినట్టే. మా మావగారు ఆ చొక్కా తొడిగాడు, ఆయన తండ్రీ తొడిగాడు. అది మొక్కు. ఎవరు ఏ వేషం కట్టాలో, ఏ పాట ఏ రాగంలో పాడాలో చెప్పే పెద్దాయన ఒకరున్నారు, మీర్జా నస్రుల్లా గారని. మా ఆయన ఎప్పుడైనా నసిగితే చాలు, "ఒరే ఖుదామురాద్, హుసేన్ వేషానికైతే పదిమంది జుట్లు పట్టుకుంటార్రా. నువ్వు కాదంటే ఈ చొక్కా ఎవడి వంటి మీద వెయ్యమంటావు, నా గాడిదకా?" అనేవారు.

మిగిలిన రోజుల్లో ఆయన పని దూదేకడం. పెద్ద విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, అట్టకట్టిన పరుపుల్లో దూది తీసి ఏకి మళ్ళీ కుట్టి వచ్చేవాడు. ఏకుతూ సన్నగా పాడుకునేవాడు. ఇంత మంచి గొంతు పెట్టుకుని అరుపుల వేషం ఏమిటయ్యా నీ ఖర్మ అని నేను దెప్పేదాన్ని. "నాకు మొక్కిచ్చారే గానీ రాగం ఇవ్వలేదే" అని నవ్వేసేవాడు. మొహర్రం నెలా, ఆ పై నెలా ఒక్కరూ పనికి పిలిచేవాళ్ళు కాదు. ఆ విల్లు చూస్తే గుండె గుభేలుమంటుందట. వీధిలో పిల్లలు "షిమర్ వచ్చాడు, కడవలు దాచండోయ్!" అని పరిగెత్తేవాళ్ళు. ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. ఒళ్ళు మండేది నాకే.

ఒళ్ళు మండటమైతే ఫరవాలేదు. భయం సంగతి వేరు. నాకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. మొదటిది ఆడపిల్ల, కోరింత దగ్గుతో పోయింది. రెండోవాడు నిద్రలోనే పోయాడు. మూడోదానికి ఏమొచ్చిందో ఇప్పటికీ తెలీదు, పొద్దున నవ్విన పిల్ల సాయంత్రానికి లేదు. ముగ్గురిలో ఒక్కరికీ ఏడాది నిండలేదు. రేవు దగ్గర ఆడవాళ్ళు నేను వెళ్ళగానే మాట మార్చేవాళ్ళు. ఓసారి ఆగి విన్నాను. ఫఖ్రీ అంటోంది: "అంతమంది నోటి శాపం ఉత్తినే గాల్లో కలిసిపోతుందా అక్కా? వేషం వాడి మీద పడకపోతే వాడి పిల్లల మీద పడుతుంది."

"నీ నోరు పడిపోను! నీ మొగుడు దొంగ తూకం వేస్తే ఊరు పెట్టిన శాపాలకి నీ కొంప ఎప్పుడో కూలాలి, ఇంకా నిలబడే ఉందే!" అని కడవ అక్కడే దింపి కడిగిపారేశాను. వచ్చాను. ఇంటికొచ్చి మాత్రం తలుపేసుకుని గడియ పెట్టాను. ఎందుకంటే ఆ మాట ఫఖ్రీ కంటే ముందు నాకే తట్టింది. హుసేన్‌ని చంపినవాడికి శాపం అని ఊరంతా చేతులెత్తి అరిచేటప్పుడు వాళ్ళు చూసే మొహం ఎవరిది? మా ఆయనది. పైనున్నవాడు తేడా కనిపెట్టకపోడు అనుకుందాం. కానీ శాపానికి కళ్ళున్నాయా?

నాలుగోవాడు యదుల్లా. వాణ్ణి కన్నాక నాకు నిద్ర లేదు. ఆడపిల్ల గౌను తొడిగాను. బయటివాళ్ళ ముందు పేరెత్తేదాన్ని కాదు, 'నల్లోడు' అనేదాన్ని. వాడేమో పాలమీగడ రంగు. రోజూ నిప్పుల మీద దిష్టి గింజలు వేసి, చిటపటమని పేలేదాకా కదిలేదాన్ని కాదు. వాడు ఎక్కువసేపు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. లేస్తే ఎందుకు లేచాడా అని భయం. ఆయనైతే మొదట్లో పిల్లాణ్ణి ముట్టుకోనే లేదు. "నా చేతులు మంచివి కావేమోనే" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. "నీ చేతులకేం, దూది కంటే మెత్తన. ఎత్తుకో" అని నేనే ఒళ్ళో పడేశాను. ఇక అక్కణ్ణుంచి వాళ్ళిద్దరిదీ ఒకటే లోకం.

ఆ ఏడు మొహర్రం బేరి చెట్లు పూసే రోజుల్లో పడింది. యదుల్లాకి పది నెలలు. ఆయన తన పద్యాలు ఎక్కడ సాధన చేస్తాడు? మా ఇల్లే ఒక్క గది. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చెయ్యి గాల్లో ఝాడిస్తూ, "నీళ్ళా! మీకు నీళ్ళు కావాలా!" అని ఇల్లు అదిరేలా అరిచేవాడు. ఏ పిల్లాడైనా గుక్కపట్టి ఏడవాలి. మావాడు కిలకిలా నవ్వేవాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత నవ్వు. అరుపు ఆగితే చేతులు చాచి ఎత్తుకోమనేవాడు. "చూశావా, నా అరుపుకి భయపడని మగాడు ఊరు మొత్తానికి వీడొక్కడే" అని మురిసిపోయేవాడు. మా అత్తయ్య ఖావర్ మూలన కూర్చుని, "నవ్వించకురా, ఈ నెల్లో నవ్వు అరిష్టం" అని సణిగేది. నేనూ నవ్వేదాన్ని. మళ్ళీ నవ్వినందుకు భయపడేదాన్ని.

ఆటలో ఒక పసిబిడ్డ కావాలి. హుసేన్ తన పాలుతాగే బిడ్డని రెండు చేతులా ఎత్తి, నాకొద్దు, వీడికైనా గుక్కెడు నీళ్ళివ్వండి అని అడిగితే, అవతలివాడు ఆ లేత గొంతుకి బాణం వేసే ఘట్టం. దానికి ఊళ్ళో ఎవరో ఒక తల్లి బిడ్డని ఇస్తుంది. ఆ ఏడు ఫఖ్రీ పిల్లాడు అనుకున్నారు. వాడికి తట్టు పోసింది. ఆట ముందు రోజు పొద్దున్నే మీర్జా గారు మా గుమ్మంలోకి వచ్చారు. గుమ్మంలో ఆయన నీడ పడగానే నాకు అర్థమైపోయింది. పిల్లాణ్ణి వీపు వెనక్కి తిప్పుకున్నాను.

"సల్తనత్ తల్లీ, ఇమాం నీ బిడ్డని అడుగుతున్నాడమ్మా" అన్నారు.

"ఇమాం అడగలేదు, మీరు అడుగుతున్నారు" అన్నాను. నా నోరే అంత.

"ఊళ్ళో ఈ ఏడు చంటిపిల్లాడు ఇంకెవరున్నారు చెప్పు?"

"బాణం వేసేదెవరండీ?" అన్నాను. నాకు తెలియక కాదు. మా ఊరు చిన్నది, వేషగాళ్ళు తక్కువ. విలుకాడి వేషమూ షిమరే కడతాడు. "వీడి తండ్రి చేత వీడికే బాణం వేయిస్తారా?"

"బాణం ఎక్కడుంది తల్లీ, ఉత్త విల్లే కదా. వాడు తాడు లాగగానే హుసేన్ వేషం కట్టే జబ్బార్ నీ బిడ్డని డేరాలోకి నీ చేతికిచ్చేసి, గుడ్డల్లో చుట్టిన కొయ్యబొమ్మ తీసుకుంటాడు. కళ్ళు మూసి తెరిచేలోగా నీ దగ్గరుంటాడు."

బాణానికి భయపడేవాళ్ళెవరు? ఆ విల్లు ఎత్తిన క్షణాన ఊరంతా ఒక్క గొంతుతో పెట్టే శాపం ఉందే, దానికి నా భయం. ఇన్నాళ్ళూ తండ్రి మీద పడి జారి పిల్లల్ని తాకిందేమో. రేపు పిల్లాడే ఎదురుగా ఉంటాడు. మా ఆయన గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

"నోరు విప్పవేం? నీ కొడుకు కాదూ?" అన్నాను.

"నాకూ భయంగానే ఉందే" అన్నాడు. అంతే. మీర్జా గారి ముందు ఆయన అంత మాట అనడమే గొప్ప.

అప్పుడు మా అత్తయ్య మూలనుంచి లేచింది. "పిల్లా, ఇలా విను. ఇమాం చేతుల్లో పడుకున్న బిడ్డని ఏ శాపం ముట్టుకోలేదు. ఇస్తే వీడు బతుకుతాడు. అడిగాక లేదన్న ఇంట్లో ఏ దీపం నిలుస్తుందో నువ్వే చెప్పు." ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి. ఇస్తే భయం, ఇవ్వకపోతే అంతకు పదింతలు భయం. ఒప్పుకున్నాను. మీర్జా గారు వెళ్ళాక ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పదో రోజున ఎండ చురచుర కాస్తోంది. మైదానం నడుమ గుండ్రటి అరుగు, దాని పక్కన డేరా. డేరా గుడ్డకున్న చిరుగులోంచి చూస్తూ నేను లోపల నిలబడ్డాను. మిద్దెల మీద ఆడవాళ్ళు, కింద మగవాళ్ళు. ఆ ఏడు కొత్త రోడ్డు వేయడానికి ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి ఉన్నారు. వాళ్ళూ ఆట చూడటానికి వచ్చి రోడ్డు కంకర పోసిన గుట్ట పక్కనే నిలబడ్డారు. వాళ్ళకి మా ఆయన ఎవరో తెలీదు. బాతుల సంగతీ తెలీదు. వాళ్ళకి కనిపించేది ఎర్రచొక్కా, నడుముకి కత్తి, అంతే. రొమ్ములు బాదుకుంటూ ఏడుస్తున్నారు పాపం, మా వాళ్ళ కంటే ఎక్కువ.

హుసేన్ వేషం ఊరి స్నానాల ఇల్లు చూసుకునే జబ్బార్‌ది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడు. నా బిడ్డని రెండు చేతులా పైకెత్తి రాగం అందుకున్నాడు. నీళ్ళు అడుగుతున్నాడు. మిద్దెల మీద ఒక్కసారిగా ఏడుపు లేచింది. నాకు ఏడుపు రాలేదు. ఎదురుగా మా ఆయన విల్లు ఎత్తి నిలబడ్డాడు. ఇక అరవాలి. అరిచాడు.

"నీళ్ళా! మీకు నీళ్ళు కావాలా!"

మావాడు నవ్వాడు. ఇంట్లో ఉయ్యాల్లో నవ్వినట్టే కిలకిలా నవ్వాడు. నాన్న ఆడిస్తున్నాడు అనుకున్నాడు వెర్రితండ్రి. నవ్వి, రెండు చేతులూ చాచి, ఆ ఎర్రచొక్కా వైపు ఒళ్ళంతా విసురుగా ముందుకు తూలాడు. జబ్బార్ అది అనుకోలేదు. చేతుల్లోంచి పట్టు జారింది. పిల్లాడు తలకిందులుగా అరుగు రాళ్ళ మీదికి పడుతున్నాడు.

విల్లు ఎటు పోయిందో తెలీదు. మా ఆయన ఒక్క దూకు దూకి, మోకాళ్ళ మీద పడి, నేలకి జానెడు ఎత్తులో వాణ్ణి పట్టుకున్నాడు. పట్టుకుని గుండెకి అదుముకున్నాడు.

కంకర గుట్ట దగ్గరున్నవాళ్ళకి కనిపించింది వేరు. వాళ్ళకి కనిపించింది షిమర్ ఉరికి వచ్చి ఇమాం చేతుల్లోంచి బిడ్డని లాక్కోవడం. వాళ్ళలో ఒకడు "చంపేస్తున్నాడ్రోయ్!" అని కేక పెట్టాడు. మొదటి రాయి అరుగుకి తగిలింది. రెండోది మా ఆయన భుజానికి. తర్వాత నేను లెక్కపెట్టలేదు. వానలా వచ్చాయి. ఆయన ముడుచుకుని పిల్లాడి మీద బోర్లా వంగిపోయాడు. "ఆపండి! మావాడు! వాడి బిడ్డేరా!" అని మా ఊరివాళ్ళు అరుస్తున్నారు, ఆ హోరులో ఎవడికి వినపడుతుంది? ఒక రాయి తలకి తగిలి తలపాగా ఎగిరిపోయింది. రక్తం మెడ మీదికి కారింది. నేను డేరా గుడ్డ పీక్కుంటున్నాను, తాళ్ళు ఊడి రావు. నా బిడ్డ ఆ వీపు కింద ఉన్నాడు. ఆ వీపు ఒరిగిపోతే వాడు అయిపోయాడు.

అప్పుడు జబ్బార్ కదిలాడు. ఆకుపచ్చ తలపాగాతో, ఆకుపచ్చ అంగవస్త్రంతో వచ్చి, మా ఆయన మీద పడి, రెండు చేతులూ చాపి కప్పేశాడు. షిమర్‌ని హుసేన్ ఒడిలోకి తీసుకున్నట్టైంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఇమాం మీద రాయి వేసేవాడు ఆ మైదానంలో ఎవడున్నాడు? చేతుల్లో రాళ్ళు ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఆ కేక పెట్టినవాడే నేల మీద కూలబడి తల బాదుకున్నాడు.

మా ఆయన లేచి డేరాలోకి వచ్చి పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టాడు. వాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నాడంటే బతికున్నాడు.

"తల చూడవే. తల సరిగ్గా చూడు. ఏమీ కాలేదు కదా?" అంటున్నాడు. తన తలలోంచి రక్తం పిల్లాడి గౌను మీద పడుతోంది, అది చూసుకోడు.

"వీడికేం లేదు. నువ్వు కూర్చో. కట్టు కడతాను, కూర్చో."

వెనకాలే మీర్జా గారు వచ్చారు. "ఖుదామురాద్, ఆట సగంలో ఉందిరా" అన్నారు.

"ఉంటే ఉండనీ! చూడండి మనిషిని! చంపుతారా ఏం?" అని మీద పడ్డాను.

"అమ్మా, పదో రోజు కథ సగంలో ఆగితే ఊరికి మంచిది కాదు" అన్నారు ఆయన తలొంచుకుని. మా ఆయన నా తలగుడ్డ కొంగు చింపి తలకి చుట్టుకున్నాడు. "వెళ్ళకయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. "ఎలా ఆపుతానే? నా తండ్రి మొక్కు" అని కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కాసేపట్లో నాకు పిల్లాడి తల తడమడానికీ, చిరుగులోంచి చూడ్డానికీ మధ్య ప్రాణం పోయింది.

జబ్బార్ అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు. మా ఆయన వాడి గుండెల మీద మోకాలు ఆనించి మొద్దు కత్తి ఎత్తాడు. ఇక్కడ జనం శాపం పెట్టాలి. అది విన్నాక డోలు మోగాలి, డోలు మోగితే కత్తి దిగాలి. తరతరాలుగా అంతే. ఆ రోజు ఒక్క గొంతూ లేవలేదు. కళ్ళముందు బిడ్డని కడుపులో పెట్టుకుని రాళ్ళు తిన్నవాణ్ణి ఎవరు తిడతారు? డోలువాడు కర్ర ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. జబ్బార్ పడుకునే, "అరవరా, ఏదో ఒకటి అను" అని గొణగడం నాకు వినిపించింది.

మా ఆయన తలెత్తి మిద్దెల వైపు చూశాడు. ఆటలో మాటలన్నీ ఫారసీ పద్యాలే. ఆయన నోట పద్యం రాలేదు. మేం ఇంట్లో పిల్లల్తో మాట్లాడే కొండ భాష వచ్చింది.

"శాపం పెట్టండి! ఎందుకు ఊరుకున్నారు? ఈ షిమర్‌కి శాపం పెట్టండి! ఈ ఒక్కడికే! వీడి ఆలికి కాదు, వీడి బిడ్డకి కాదు! ఎంతుంటే అంతా ఈ ఒక్కడి నెత్తిన పొయ్యండి!"

అంటే ఇన్నాళ్ళూ ఈయనకీ ఆ భయమే. రేవులో అన్న మాట, నేను తలుపేసుకుని దాచుకున్న మాట, అన్నీ ఈయన లోపలా ఉన్నాయి. ఇంకా ఎవరూ పలకలేదు. అప్పుడు మిద్దె మీద నుంచి ఒక ముసలి గొంతు లేచింది. మా అత్తయ్య ఖావర్. ఉన్నది ఒక్కడే కొడుకు ఆవిడకి. చేతులు రెండూ ఆకాశానికి ఎత్తింది.

"ఈ ఒక్కడికే!" అని అరిచింది.

ఇక ఊరంతా అందుకుంది. "ఒక్కడికే! ఈ ఒక్కడికే!" మిద్దెలు, మైదానం, కంకర గుట్ట దగ్గర కొండ భాష రాని కూలీలు సైతం ఏమంటున్నామో తెలియకుండానే అదే మాట అన్నారు. డోలు మోగింది. కత్తి దిగింది. నా రొమ్ము నోట పెట్టుకున్న పిల్లాడు ఆ గోలకి కళ్ళైనా తెరవలేదు.

యదుల్లాకి ఏడాది నిండింది, రెండు నిండాయి. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, లారీ నడుపుతాడు, వాడు ఊళ్ళో లేకపోయినా నాకు హాయిగా నిద్ర పడుతుంది. వాడి మీద భయం ఆ రోజే పోయింది. పోయి ఎక్కడికో వెళ్ళలేదు. మా ఆయన మీద పడింది. డెబ్భై దాటాడు, గుండ్రాయిలా ఉన్నాడు, ఇంకా దూది ఏకుతాడు. అయినా దగ్గితే చేతిలో గిన్నె వదిలేస్తాను. మెట్టు దిగుతూ తడబడితే పరిగెత్తుతాను. ఆ రోజు ఆయన అడిగి తెచ్చుకున్నది ఎప్పుడు వచ్చి తలుపు కొడుతుందో నాకు తెలీదు కదా. "ఏమిటే అలా గుడ్లప్పగించి చూస్తావు, నేనేమైనా పోతున్నానా?" అని నవ్వుతాడు. ఏం లేదు, టీ చల్లారుతోంది తాగు అంటాను.